నింపిన అక్షరాలు

"ఆయనను ఆఖరుసారి ఎప్పుడు చూసినావక్కా?"

"బుధవారం రాత్రి. తొమ్మిదికి ముద్ద తిని పండుకున్నాడు. తెల్లారి లేసి చూస్తే లేడు."

సునంద ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. చెన్నమ్మ మూడోసారీ అవే మాటలు, అదే వరసలో చెప్పింది. ఆమె ఒళ్లో చేట, చేట నిండా ఒలవాల్సిన వేరుశనగ కాయలు. మాట్లాడినంతసేపూ వేళ్లు కాయల మధ్యే ఉన్నాయి, కళ్లు చేట దాటి పైకి రాలేదు.

నిజం చెప్పే మనిషి మూడుసార్లు చెబితే మూడు రకాలుగా చెబుతుంది. ఒకసారి కూరలో ఉప్పెక్కువైన సంగతి గుర్తొస్తుంది, ఒకసారి కరెంటు పోయిన సంగతి గుర్తొస్తుంది. చెన్నమ్మకు కొత్తగా ఏదీ గుర్తు రావడం లేదు. ఈమెను ఎవరో భయపెట్టి ఈ మాటలు నేర్పించి ఉంటారనుకుంది సునంద. ఆ రోజు ఆమె చేసిన తప్పుల్లో మొదటిది అదే.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ పది. చెన్నమ్మ భర్త మార్కండేయ ఇంట్లోంచి మాయమై, ఇంటివాళ్ల లెక్క ప్రకారం, ముప్పై గంటలు దాటింది.

"మేడమ్, అమ్మను ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తాది," అన్నాడు గడప దగ్గర నిలబడ్డ కొడుకు శ్రీకాంత్. ముప్పై నాలుగేళ్లవాడు, జీన్స్ కుట్టేవాళ్లకు లేబుళ్లు చేసి ఇచ్చే షాపు చూసుకుంటాడు. సునందను అనంతపురం నుంచి రాయదుర్గానికి పిలిపించింది అతనే. "నేను మంగళవారం రాత్రే బెంగళూరుకు పోయినా. నిన్న పొద్దున ఆరూ పదికి ఇంట్లోకొస్తే, సిరాబుడ్డి కింద ఈ కాగితముండాది. ఆరూ ఇరవై ఐదుకు మీకు ఫోన్ చేసినా. ఇది మా నాయన రాసింది కాదు మేడమ్. ఎవరో ఆయన్ను ఎత్తకపోయి, దీన్ని పెట్టిపోయినారు."

"ఎవరెత్తకపోతారప్పా?"

"ఊర్లో కుట్టుమిషన్ల వాళ్లంతా నాయన అక్షరాలే వాడుకుంటాండారు. ఊరకే. బెంగళూరు కంపెనీవాళ్లు వాటిని మొత్తంగా కొంటామన్నారు. రేపు సాయంత్రం అయిదు లోపల సంతకం. అమ్మినాక ఇంకెవరూ వాడకూడదు కదా, అదీ వీళ్ల కడుపుమంట."

"నాయన ఒప్పుకున్నాడా అమ్మడానికి?"

"ఒప్పుకున్నట్టే," అన్నాడు శ్రీకాంత్.

చేటలో ఒక కాయ పటుక్కున పగిలింది.

సునంద ప్లాస్టిక్ కవరులోని ఉత్తరాన్ని మళ్లీ చూసింది. ఆరు వాక్యాలు. 'నన్ను వెతకొద్దు, కాశీకి పోతున్నాను' అని మొదలై, 'నేను వచ్చేదాకా అక్షరాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు' అని ముగుస్తుంది. రాసింది మాత్రం మామూలు రాత కాదు. రాయదుర్గంలో కుట్టే జీన్స్ ప్యాంట్ల నడుము మీద ఉండే తోలుముక్కపై కనిపించే రాత. పాతికేళ్ల కిందట, విదేశీ ప్యాంట్ల మీద ఉండే, మూలలు తేలిన గోథిక్ ఇంగ్లీషు అక్షరాలు చూసి, బోర్డులు రాసుకునే మార్కండేయ వెడల్పు పాళీ పట్టాడు. తర్వాత తెలుగును కూడా ఆ తీరులోకి తెచ్చాడు. గుండ్రటి అక్షరాన్ని మూలలుగా విరిచి, తలకట్టును పలకల్లే నిలబెట్టి, కోటగోడలో రాళ్లలా ఒకదానికొకటి ఆనించాడు. కుట్టేవాళ్లు వాటిని కోట అక్షరాలంటారు. రెండేళ్ల కిందట వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, 'దుర్గం' అని పేరు పెట్టారు.

"ఇవి బోర్డు మీద, ప్యాంటు మీద పెద్దగా కనపడాల్సిన అక్షరాలు. ఇల్లిడిచిపోయేవాడు పెండ్లానికి ఈ అక్షరాల్లో రాస్తాడా అక్కా? ఇంట్లో సరుకుల చీటీ ఎట్ల రాస్తాడు?"

"బాల్‌పెన్నుతో," అంది చెన్నమ్మ. చేటను ఒకసారి కుదిపింది. "ఆయనకు ఈ అక్షరాలంటే పాణం. ఆయన రాతే ఇది."

*

"ఏం మేడమ్, పోగులు లెక్కపెట్టేది అయిపాయనా?"

ఎస్సై తిప్పేష్ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు. సునందది ధర్మవరంలో పట్టు నేసే కుటుంబం. మడత పెడితే అగ్గిపెట్టెంత ఉండే, పోగులు లెక్కపెట్టే అద్దం ఆమె తండ్రిది. దస్తావేజులు పరీక్షించే ఉద్యోగంలో ఉన్న పద్దెనిమిదేళ్లూ, మానేసి సొంతంగా పని పెట్టుకున్నాకా అదే ఆమె చేతిలో ఉంది. నాలుగేళ్ల కిందట ధర్మవరంలో ఒక వీలునామా మీది వేలిముద్ర అసలుదేనని తిప్పేష్ రిపోర్టు రాశాడు. ముద్ర అసలుదే, కానీ అది పడేటప్పటికి ఆ ముసలమ్మలో ప్రాణం లేదని సునంద కోర్టులో తేల్చింది. జడ్జి అందరి ముందూ తిప్పేష్‌ను నిలబెట్టి అడిగిన మాటలు అతను ఇంకా మరిచిపోలేదు.

"ఇంకా లేదప్పా. నువ్వు చూసినావా దీన్ని?"

"చూసినా. కంప్యూటర్లో కొట్టిందైతే 'క'లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే మాదిరి ఉండాల. ఈడ ఒకదాని తోక పొడుగు, ఇంకొకదాని తోక పొట్టి. మనిషి కూర్చోని చేత్తో రాసినాడు, కాశీకి పోయినాడు. ఆయనేమైనా చిన్నపిల్లోడా? సాయంత్రానికి ఫైలు మూసేస్తాండా."

"మూసే ముందు ఒక అరగంట నాకియ్యి."

"ఇచ్చినా. తప్పు నాదైతే ఈసారి కూడా కోర్టులోనే చెప్తురు లెండి."

ఇంటి వెనకున్న రేకుల షెడ్డే మార్కండేయ పనిచేసే చోటు. ముందు బరువైన ఇనప తలుపు. లోపల కింద నుంచి లైటు వెలిగే అద్దపు బల్ల, కంప్యూటరు, ప్రింటరు. గోడ వారగా ఉన్న చిన్న బల్ల మీద పాళీల డబ్బా, సిరాబుడ్డి, కుంచెలు, స్టాంప్ ప్యాడ్, పాళీ అంచు సరిచూసుకోవడానికి వాడే చిత్తుకాగితాల అట్టపెట్టె. ఆ బల్ల మీద సన్నటి దుమ్ము పరుచుకుని ఉంది. సునంద వెడల్పు పాళీని వేలితో తాకింది. ఎండిపోయి ఉంది. పక్కనున్న సన్న కుంచె మొదట్లో మాత్రం సిరా ఇంకా మెత్తగా తగిలింది.

కంప్యూటరు ముందు ఆశ్రిత కూర్చుని ఉంది. అనంతపురం పిల్ల, ఇరవై ఆరేళ్లు, దుర్గం ఫాంటు తయారుచేసింది ఆమే. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"చెప్పమ్మా, ఒక్కో అక్షరానికి ఎన్ని రూపాలు పెట్టినారు?"

"మూడు మేడమ్. మార్కండేయ నాయన ఒకటే రూపమంటే ఒప్పుకోలా, మనిషి చెయ్యి ఒక అక్షరాన్ని రెండుసార్లు ఒకేమాదిరి రాయదన్నాడు. అందుకని మూడేసి గీసిచ్చినాడు. టైపు చేస్తాంటే ఒకటోది, రెండోది, మూడోది, మళ్లీ ఒకటోది, అట్ల తిరుగుతా వస్తాయి. చూసేవాళ్లకు చేతిరాత మాదిరే ఉంటాది."

సునంద ఉత్తరం జెరాక్సు కాపీని బల్ల మీద పరిచి, పెన్సిలు తిప్పేష్‌కు ఇచ్చింది. "ప్రతి 'క' కింద నంబరెయ్యి. తోక పొడుగుంటే ఒకటి, పొట్టిదైతే రెండు, విరిగినట్టుంటే మూడు."

తిప్పేష్ మొదట నవ్వుతూ మొదలుపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు. ఒకటి. రెండు." నాలుగో వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. పన్నెండు 'క'లు, నాలుగు చుట్లు. ఒక్కటీ వరస తప్పలేదు.

"మనిషి తప్పులు ఇంత క్రమంగా రావప్పా," అంది సునంద. "ఇప్పుడు ఈ అద్దంలోంచి అంచులు చూడు."

అతను వంగి చూశాడు. వెడల్పు పాళీతో గీస్తే గీత ఒక్క లాగుడుకు వస్తుంది, సిరా అంతటా ఒకేలా పడుతుంది. ఇక్కడ ప్రతి అక్షరానికీ అంచున ఒక ముదురు గీత, లోపల కొంచెం పలచటి నలుపు.

"బోలు అక్షరాలు ప్రింటు తీసి, అద్దపు బల్ల మీద పెట్టి, పైన ఇంకో కాగితమేసి అంచు గీసి, కుంచెతో లోపల నింపినారు."

"ప్రింటు ఎప్పుడు తీసినారు?" తిప్పేష్ ఆశ్రితను అడిగాడు.

ఆమె మౌస్ కదిపింది. "బుధవారం మధ్యాహ్నం మూడూ నలభై. నేను ఆ రోజు రాలేదు సార్, అనంతపురంలోనే ఉండాను. అడగండి కావాలంటే."

"కంప్యూటరు ఇంకెవరు ముడతారు?"

"ఇంట్లో అందరూ." ఆశ్రిత చూపు ఒక్కసారి వంటింటి వైపు పోయి వెనక్కి వచ్చింది. "అందరికీ నేనే నేర్పించినా."

తిప్పేష్ అద్దాన్ని సునంద చేతిలో పెట్టాడు. ఈసారి అతని ముఖంలో వెటకారం లేదు, అదే ఆమెకు ఇబ్బందిగా తోచింది.

"సరే మేడమ్. నింపినారు. ఒప్పుకుంటా. అరవై మూడేండ్ల మనిషి, చెయ్యి వణుకుతాదేమో, తన అక్షరాలే ప్రింటు తీసుకోని తనే నింపుకున్నాడు. బుధవారం రాత్రి తొమ్మిది దాకా ఇంట్లోనే ఉండాడని ఆయమ్మే చెప్తాంది. మరి నేరం యాడుంది?"

గుమ్మంలో శ్రీకాంత్ ఎదురుచూస్తున్నాడు. తిప్పేష్ ఎదురుచూస్తున్నాడు. ఏదో ఒకటి దొరకాలన్న మొండితనంతో సునంద అట్టపెట్టెను బోర్లించింది. చిత్తుకాగితాల మీద నల్లటి అడ్డగీతలు, పలకలు, విరిగిన తలకట్లు. వాటి మధ్య, సిరా తుడిచిన మూడు బస్సు టికెట్లు.

ఈ ఇంట్లో కాగితం ముక్క ఏదైనా పారెయ్యరు. పాళీ కిందికో, కుంచె కిందికో వస్తుందని పెట్టెలో వేస్తారు. ఆ అలవాటే ఈ మూడింటినీ దాచి పెట్టింది.

ఆమె వాటిని వెలుగుకు ఎత్తింది. "ఇదిగో నీ జవాబు. రెండు టికెట్లు, బస్సు మారే కల్యాణదుర్గం నుంచి కంబదూరుకు. బుధవారం ఉదయం ఏడూ అయిదు. ఒకటి దుడ్లిచ్చి కొన్నది, ఇంకొకటి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు. మూడోది అదే రోజు పదకొండూ నలభైకి, కంబదూరు నుంచి వెనక్కి. అదీ సున్నా టికెట్టే. మగమనిషి, ఆడమనిషి కలిసి పోయినారు. ఆడమనిషి ఒక్కతే తిరిగొచ్చింది. బుధవారం రాత్రి మార్కండేయ ఈ ఇంట్లో లేడు తిప్పేషూ. ఆయన కంబదూరులో ఉండాడు."

చెబుతున్నప్పుడు ఆమె గొంతు కొంచెం పైకి లేచింది. గెలిచిన గొంతు. తర్వాత ఎన్నోసార్లు ఆ గొంతు ఆమెకు గుర్తొచ్చింది.

"కంబదూరులోనా?" అన్నాడు శ్రీకాంత్ మెల్లగా.

"ఆడ మీకెవరన్నా ఉండారా?"

అతను ఆలోచించినట్టు కళ్లు కిందికి దించాడు. "ఎవరూ లేరే మేడమ్." చేతిలోని కారు తాళం వేళ్ల మధ్య తిరిగింది. "మీరు చూస్తాండండి. ఒంటిగంట దాటింది, అందరికీ అన్నం తెప్పిస్తా."

ఒంటిగంటా ఇరవై ఎనిమిది. సునంద అలవాటుగా గడియారం చూసుకుంది.

"నేను కాదు మేడమ్," అంది ఆశ్రిత. "ఆ ఆడమనిషి నేను కాదు."

"తెలుసమ్మా," అంది సునంద. అప్పుడే తెలిసింది ఆమెకు.

*

చెన్నమ్మ వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. చేట పక్కన పెట్టి ఉంది.

"చేతులు చూపించక్కా."

చెన్నమ్మ చాపింది. గోళ్ల చుట్టూ, ఎంత తోమినా పోని నలుపు.

"ఎన్నేండ్లుగా నింపుతాండావు?"

"పెండ్లయినప్పటి నుంచి. ముప్పై ఎనిమిదేండ్లు. బోర్డు మీద ఆయన అంచు గీసి ముందుకు పోతాడు, నేను ఎనకాల నింపుకుంటా పోతా. రేయాన్ మిల్లు గోడ మీద ఒక్కో అక్షరం నా అంత ఎత్తు ఉండె. అదీ నేనే నింపినా." ఆమె చేతులు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. "అంచు గీసేది మాత్రం నాకు రాదమ్మా. అందుకే ప్రింటు తీసినా."

"కంబదూరులో ఆయన్ను నువ్వే ఇడిసొచ్చినావు. బాగానే ఉండాడు కదా?"

"ఉండాడు."

"మరి ఆ ఉత్తరం ఆయన్నే రాసియ్యమంటే పోలేదా? రెండు నిముషాల పని. ఎవరికీ అనుమానం రాకుండె."

చెన్నమ్మ ఆమె వైపు చూసింది. పొద్దున్నుంచి మొదటిసారి నేరుగా చూసింది.

"ఏ చేత్తో రాస్తాడమ్మా?"

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. సునంద చెయ్యి చాపి మంట తగ్గించింది.

"మంగళవారం సాయంత్రం ఏడప్పుడు," అంది చెన్నమ్మ. "షెడ్డులో ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. వాడు సంతకం పెట్టమంటాడు, ఈయన పెట్టనంటాడు. ఊర్లో ఇంతమంది పొట్ట పోసుకుంటాండారు, నేను గీసింది నేనే లాక్కోలేనన్నాడు. ఈయన బయటికొస్తా తలుపు పట్టుకున్నాడు. వాడు తలుపు మూసినాడు. చెయ్యి నడుమ ఉండాదని చూసే మూసినాడు. మణికట్టు కాడ రెండు తునకలు. మూసినాక వాడూ ఏడ్సినాడు. ఏడ్సి, కారేసుకోని బెంగళూరుకు పోయినాడు. గురువారం వస్తా, అప్పటికి మనసు మార్చుకో అని చెప్పి పోయినాడు."

"స్టేషనుకు ఎందుకు పోలేదక్కా?"

"కన్న కొడుకు కదమ్మా. పోయి ఏమని చెప్పాల? రేపు అయిదు దాటితే ఆ కంపెనీవాళ్లు వాళ్ల దోవన వాళ్లు పోతారు. వీడు సల్లబడతాడు. అంతదాకా ఈయన యాడో కాశీలో ఉండాడనుకుంటే సాలనుకున్నా."

సునందకు నిన్నటి ఫోను గుర్తొచ్చింది. ఆరూ పదికి కాగితం చూశాడు. ఆరూ ఇరవై ఐదుకు, ఇది మా నాయన రాసింది కాదన్నాడు. ఎస్సై దాన్ని చూసి మోసపోయాడు. ఆ అక్షరాలను కంప్యూటర్‌లో కూర్చిన పిల్లకు కూడా తేడా తెలియలేదు. అద్దం పెట్టుకుని తనకే గంట పట్టింది. అద్దమూ లేకుండా, పదిహేను నిముషాల్లో అతనికెలా తెలిసింది?

ఆయన చేతిని విరిచింది అతనే కనుక తెలిసింది. కాశీ మాట అబద్ధమని తెలుసు, తల్లి నోరు విప్పదని తెలుసు. అందుకని దాచినదాన్ని వెతికిపెట్టే మనిషిని తెచ్చుకున్నాడు.

"అక్కా, కంబదూరులో ఎవరింట్లో ఉండాడు?"

"కట్టు కట్టే ఈశ్వరప్ప ఇంట్లో. ఎందుకు?"

"ఆ ఇల్లు శ్రీకాంత్‌కు తెలుసా?"

"తెలీకేం. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడి కాలు ఇరగ్గొట్టుకుంటే, పదైదు దినాలు ఆ ఇంట్లోనే పెట్టుకోని ఉంటిమి." చెన్నమ్మ సునంద ముఖం చూసింది. ఆమె చెయ్యి పొయ్యి గట్టును పట్టుకుంది. "కంబదూరు మాట వాడికెవరు చెప్పినారు? నేను నీకు గూడా చెప్పలేదు కదమ్మా."

సునంద పరుగున షెడ్డులోకి వెళ్లింది. ఆశ్రిత ఒక్కతే ఉంది. అన్నం రాలేదు. గోడ వార చిన్న బల్ల మీద పాళీలున్నాయి, సిరాబుడ్డి ఉంది, కుంచెలున్నాయి. సిరాబుడ్డి పక్కన, దుమ్ములో, అరచేయంత నలుచదరపు చోటు మాత్రం శుభ్రంగా ఉంది.

"ఈడ స్టాంప్ ప్యాడుండె కదమ్మా?"

"శ్రీకాంతన్న తీసకపోయినాడు మేడమ్. షాపులో కావాలన్నాడు."

సంతకం పెట్టే చెయ్యి లేకపోతే ఎడమచేతి బొటనవేలు చాలు. వేలిముద్రకు మనిషి ఒప్పుకోవాల్సిన పని లేదు. మెలకువగా ఉండాల్సిన పని కూడా లేదు. అది ఆ జిల్లాలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, ఒక్క తిప్పేష్ తప్ప.

అతను వీధిలో జీపు ఎక్కబోతున్నాడు. ఆమె జీపు తలుపు పట్టుకుని, ఊపిరి అందక, నాలుగు ముక్కల్లో చెప్పింది. విరిగిన చెయ్యి. ఈశ్వరప్ప ఇల్లు. రేపు అయిదు. స్టాంప్ ప్యాడు. చివరి మాట వినగానే తిప్పేష్ ముఖంలో రంగు మారింది. ధర్మవరం ముసలమ్మ బొటనవేలు అతనికీ గుర్తొచ్చింది. వెనక గుమ్మంలో చెన్నమ్మ ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. అవతల ఈశ్వరప్ప ఇంట్లో మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

ఆమెను ఏదో ఒకటి అనడానికి తిప్పేష్‌కు అంతకంటే మంచి సమయం దొరకదు. అతను మాత్రం పక్క సీటు మీది ఫైలును వెనక్కి విసిరి, చోటు చేశాడు.

"పోయి ఎంతసేపైంది?"

"ఇరవై రెండు నిముషాలు."

"కంబదూరని వానికెట్ల తెలిసింది?"

సునంద జీపులోకి ఎక్కి తలుపు లాక్కుంది. చేతిలో తండ్రి అద్దం ఇంకా మడత విప్పే ఉంది.

"నీ ముందే కదప్పా," అంది. "నేనే చెప్పినా."